పేరులో లేని కంపెనీ: టోక్యో నుంచి కరియా దాకా బాస్కెట్‌బాల్ యాత్ర

బాస్కెట్‌బాల్ చూడ్డానికి సెలవు పెట్టి ఊరు దాటి వెళ్తున్నానంటే మా ఆఫీసులో జపాన్ వాళ్లే నన్ను వింతగా చూశారు. బేస్‌బాల్ అంటే అర్థం చేసుకునేవాళ్లు, సుమో అంటే టికెట్ ఎలా దొరికిందని అడిగేవాళ్లు. నేను చూడాలనుకున్నది సీహార్సెస్ మికావా అనే టీమ్‌ని. నగోయా పక్కన కరియా అనే ఊరు దాని అడ్డా. కార్లకి గేర్‌బాక్సుల దగ్గర్నుంచి తలుపు తాళాల దాకా రకరకాల భాగాలు చేసే ఐసిన్ కంపెనీ టీమ్ అది, 1947 నాటి ఫ్యాక్టరీ జట్టు. 2016 దాకా ఐసిన్ సీహార్సెస్ అనే పిలిచేవాళ్లు. ఇప్పుడు పేరులో ఐసిన్ తీసేశారు, ఐసిన్ మాత్రం ఎక్కడికీ పోలేదు. మా పెద్దమ్మ కొడుకు అక్కడే ఒక విడిభాగాల కంపెనీలో ఇంజినీరు, మ్యాచ్‌లకి పిల్లలతో సహా వెళ్తుంటాడు, "ఒకసారి రా తమ్మీ, టోక్యోలో చూసేది ఆటనా, ఇక్కడ చూడు" అని ఫోన్ చేసినప్పుడల్లా అంటాడు. సరే, ఎలాగూ పోతున్నాం కదా అని దారిలో మిగతా కంపెనీ టీమ్‌ల ఊళ్లు కూడా కలుపుకున్నాను.

బుధవారం, టోక్యో

నేనుండేది నిషి కసాయ్‌లో. టోక్యోలో మనవాళ్లు ఎక్కువగా ఉండే చోటు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, సోనామసూరి దేనికీ కరువు లేదు. సాయంత్రం ఆఫీసు నుంచి కాస్త ముందే బయటపడి, టొయోసులో యురికమోమె ఎక్కాను. డ్రైవరు లేని రైలు కాబట్టి మొదటి పెట్టెలో ముందు సీటు దొరికితే సముద్రం, వంతెనలు, గోడౌన్లు అన్నీ ఎదురుగా వస్తుంటాయి, పిల్లలతో పోటీపడి మరీ కూర్చున్నాను. దిగింది అఒమిలో, టయోటా అరీనా టోక్యో కోసం.

2025 అక్టోబరులో తెరిచిన ఈ అరీనాలో సుమారు 10 వేల మంది పడతారు. ఇదే స్థలంలో ఇంతకుముందు మెగా వెబ్ అని టయోటా వాళ్ల పెద్ద షోరూమ్ ఉండేది, దాని పక్కన తిరిగే జెయింట్ వీల్ టోక్యోకి వచ్చిన ప్రతి తెలుగువాడి ఫోటోలోనూ ఉండేది. రెండూ పోయాయి. ఇప్పుడిది అల్వార్క్ టోక్యో టీమ్ సొంత మైదానం. అల్వార్క్ అంటే టయోటా మోటార్ కంపెనీ టీమే. పేరులో టయోటా ఉండకూడదని 2016లో తీసేశారు, ఆ అక్షరాలు ఇప్పుడు వెళ్లి బిల్డింగ్ నెత్తి మీద కూర్చున్నాయి. ఈ తమాషా చూసి నాకు అక్కడే నవ్వొచ్చింది.

అసలు ఎందుకు తీసేశారో చెప్పాలి, లేకపోతే మిగతాదంతా అర్థం కాదు. జపాన్‌లో బాస్కెట్‌బాల్ చాలా ఏళ్లు కంపెనీల ఆటగానే నడిచింది. టయోటా, తోషిబా, హిటాచి, మిత్సుబిషి ఎలక్ట్రిక్, ఐసిన్, ఇలా ఒక్కో కంపెనీకి ఒక్కో జట్టు. ఆటగాళ్లు చాలామంది ఉద్యోగులే. 2005లో ఇది నచ్చని కొందరు విడిపోయి, ఊళ్ల పేర్లతో, టికెట్ డబ్బులతో బతికే బీజే లీగ్ అని వేరే కుంపటి పెట్టుకున్నారు. ఒకే దేశంలో రెండు పెద్ద లీగులు, ఒకరి మొహం ఒకరు చూసుకోరు. కలవమని చెప్పీ చెప్పీ విసిగిపోయి ప్రపంచ సమాఖ్య ఫిబా 2014 నవంబరులో జపాన్‌ని సస్పెండ్ చేసింది. అంటే ఆడవాళ్ల జట్టుకి కూడా ఒలింపిక్స్ దారి మూసుకుపోయే పరిస్థితి. అప్పుడు ఫుట్‌బాల్‌లో జె లీగ్ పెట్టిన కవాబుచి సబురోని పిలిచి పెత్తనం అప్పగించారు. ఆయన జె లీగ్‌లో చేసిందే ఇక్కడా చేశాడు: టీమ్ పేరులో ఊరుండాలి, కంపెనీ పేరు ఉండకూడదు, టీమ్ విడిగా ఒక సంస్థగా నమోదు కావాలి, పై డివిజన్‌లో ఆడాలంటే 5,000 మంది పట్టే హాలు కావాలి. నెలల్లోనే గొడవ తెగింది, 2015లో సస్పెన్షన్ ఎత్తేశారు, 2016లో బి లీగ్ మొదలైంది.

మొదటి మ్యాచ్ ఆ ఏడు సెప్టెంబరు 22న యోయోగిలో. ఒకవైపు కంపెనీ లీగ్ నుంచి అల్వార్క్, ఇంకోవైపు బీజే లీగ్ నుంచి ఒకినావా జట్టు ర్యూక్యూ గోల్డెన్ కింగ్స్. నేల మొత్తం ఎల్‌ఈడీ తెర పరిచి ఆడించారు. జమీందారు బిడ్డకీ రెక్కల కష్టం మీద పైకొచ్చినవాడికీ పోటీ అన్నట్టు ప్రచారం చేశారు, జమీందారు బిడ్డే 80-75తో గెలిచాడు. ఆ తర్వాత 2017-18, 2018-19లో వరుసగా అల్వార్కే చాంపియన్, 2019లో ఆసియా క్లబ్ కప్పు కూడా.

ఆట బాగుంది. లైట్లు, పొగ, పాటలు, చెవులు చిల్లులు పడే డ్రమ్స్, సీట్లు మెత్తగా, ఎక్కడ కూర్చున్నా తెర కనపడుతుంది, మరుగుదొడ్ల దగ్గర క్యూ కూడా చకచకా కదులుతుంది. కానీ నా పక్కన కూర్చున్న జంట ఆట కన్నా తమ ఫోన్లే ఎక్కువ చూశారు, వెనక వరసలో సూట్లు వేసుకున్న బృందం ఒకటి మొదటి క్వార్టర్ అయ్యేదాకా ఒకళ్లకొకళ్లు విజిటింగ్ కార్డులు ఇచ్చుకుంటూనే ఉన్నారు. పెద్ద ఊరి టీమ్, ఏం చేస్తాం.

జపాన్ మగవాళ్ల జట్టుకి కోచ్‌గా 2023 వరల్డ్ కప్‌లో ఫిన్లాండ్ మీద, కేప్ వెర్డ్ మీద గెలిపించి పారిస్ ఒలింపిక్స్‌కి తీసుకెళ్లిన టామ్ హోవాస్ కూడా 1990లలో ఈ టయోటా జట్టులో ఆడినవాడే. అంతకుముందు టోక్యో ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల జట్టుకి రజతం తెచ్చిందీ ఆయనే. కంపెనీ టీమ్‌ల కాలాన్ని తిట్టేవాళ్లు ఇలాంటి లెక్కలు మర్చిపోతుంటారు.

గురువారం, కవాసాకి

ఇవాళ మ్యాచ్ లేదు, ఊరికే తిరగడమే. ముసాషి నకహారా స్టేషన్లో దిగితే ఎదురుగా ఫుజిత్సు ఫ్యాక్టరీ. అక్కణ్నుంచి తమా నది వైపు నడుచుకుంటూ పోతే తొదొరోకి అరీనా, కవాసాకి బ్రేవ్ థండర్స్ ఆడే చోటు. ఇది తోషిబా టీమ్, 1950లో మొదలైంది. నెవాడా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన నిక్ ఫజేకస్ బి లీగ్ తొలి సీజన్ ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు, 2018లో జపాన్ పౌరసత్వం తీసుకుని జాతీయ జట్టుకి ఆడాడు, 2024లో రిటైరయ్యాడు. తోషిబాకేమో 2015లో లెక్కల కుంభకోణం, 2017లో అమెరికా అణు వ్యాపారంలో దిమ్మతిరిగే నష్టాలు. ఆ గందరగోళం ముగియకముందే, 2018లో టీమ్‌ని మొబైల్ గేముల కంపెనీ డీఎన్‌ఏకి అప్పగించింది. తండ్రి మారాడు, పిల్లవాడి ఇంటిపేరు ఊరిదే కాబట్టి మార్చనక్కర్లేకపోయింది. కవాబుచి రూలు వల్ల జరిగిన మేలు నాకు ఇక్కడ బాగా కనిపించింది.

ఆ రూలు లేని రోజుల్లో ఏమయ్యేదో తెలియాలంటే ఇసుజు కథ వినాలి. మన శ్రీసిటీలో పికప్ ట్రక్కులు చేస్తున్న ఇసుజూయే. ఒకప్పుడు లీగ్ గెలిచిన జట్టు వాళ్లకుండేది, కంపెనీకి కష్టాలొచ్చి 2002లో జట్టునే మూసేశారు. అమ్మలేదు, ఎవరికీ ఇవ్వలేదు, తాళం వేసేశారంతే. అభిమానులు అడగడానికి వాళ్లకి హక్కేముంది, అది కంపెనీ సొంత వ్యవహారం.

అరీనా మూసి ఉంది. ఎదురుగా పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు, పక్కనే ఫుట్‌బాల్ స్టేడియం, అక్కడాడే ఫ్రొంటాలే కూడా పుట్టింది ఫుజిత్సు టీమ్‌గానే. మధ్యాహ్నం నదిగట్టు మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిని, షిన్ యొకొహామా నుంచి నగోయాకి షింకాన్‌సెన్ బుల్లెట్ రైలు పట్టుకున్నాను. రాత్రి తెబసాకి, అంటే మిరియాలు దట్టించి వేయించిన కోడి రెక్కలు, నగోయా వాళ్ల గొప్ప. మనం కారం అనేంత కారం కాదు కానీ తింటున్నకొద్దీ ఆగబుద్ధి కాదు.

శుక్రవారం, నగోయా

బాస్కెట్‌బాల్‌కి వచ్చి మగ్గాలు చూడ్డమేంటి అంటారేమో. మాది సిరిసిల్ల. తాతది చేమగ్గం, మేనమామవి సాంచాలు, అంటే మరమగ్గాలు. టయోటా పరిశ్రమల మ్యూజియం నగోయా స్టేషన్‌కి దగ్గర్లోనే, పాత స్పిన్నింగ్ మిల్లు ఎర్ర ఇటుకల భవనంలో ఉంది. లోపలికి వెళ్లగానే మొదట కార్లుండవు, మగ్గాలే. టొయొడా సకిచి 1924లో తెచ్చిన జి రకం ఆటోమేటిక్ మగ్గాన్ని అక్కడి మనిషి నడిపించి చూపించింది. నాడెలో నూలు అయిపోతే మగ్గం ఆపకుండానే కొత్త నాడె దానంతటదే వచ్చి పడుతుంది, పడుగులో ఒక పోగు తెగితే మగ్గం టక్కున ఆగిపోతుంది. ఆ ఆగడం చూసి నేను కాసేపు అక్కణ్నుంచి కదల్లేదు. మా మేనమామ షెడ్డులో పోగు తెగితే ఆయనే చూసి ఆపాలి, చూడకపోతే గుడ్డ పాడు, కూలీలో కోత. ఈ యంత్రం 1924 నాటిది!

ఈ మగ్గం పేటెంట్ హక్కుల్ని 1929లో ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్‌కి అమ్మారు. 1926లో కరియాలో పెట్టిన మగ్గాల కంపెనీలోనే 1933లో కార్ల విభాగం మొదలైంది, అదే 1937లో విడిపోయి టయోటా మోటార్ అయింది. 1949లో కరెంటు సామాన్ల విభాగం విడిపోయి డెన్సో అయింది. అంటే నేను రేపు చూడబోయే ఊరు ఒక మగ్గం కడుపున పుట్టిన ఊరు. ఆ మగ్గాల కంపెనీ రగ్బీ టీమ్ పేరు ఇప్పటికీ షటిల్స్, అంటే నాడెలు. సిరిసిల్లవాడికి ఇంతకన్నా మంచి టీమ్ పేరు దొరుకుతుందా!

సాయంత్రం మెయిజో పార్కులో ఐజీ అరీనా బయటినుంచి చూశాను. 17 వేల మంది పట్టే హాలు, ఆర్కిటెక్ట్ కుమా కెంగో, 2025 జులైలో సుమో పోటీలతో తెరిచారు. నగోయా డైమండ్ డాల్ఫిన్స్ ఇప్పుడిక్కడ ఆడుతుంది, అది మిత్సుబిషి ఎలక్ట్రిక్ టీమ్. నగోయా ఉన్న ఐచి రాష్ట్రంలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. నగోయాలోనే ఫైటింగ్ ఈగల్స్, టయోటా త్సూషో టీమ్. తొయొహాషి, హమమత్సు వైపు సానెన్ నియోఫీనిక్స్, అది మరలు కోసే ట్యాపులు, డ్రిల్ బిట్లు చేసే ఓఎస్‌జీ కంపెనీ టీమ్‌గా పుట్టింది. సీహార్సెస్‌తో కలిపి ఒకే రాష్ట్రంలో నాలుగు, నాలుగూ ఫ్యాక్టరీ గేటు లోపల పుట్టినవే.

శనివారం, కరియా

నగోయా నుంచి జేఆర్ రైల్లో కరియాకి 20 నిమిషాలు. అన్న స్టేషన్‌కి కారేసుకుని వచ్చాడు. "నడిచే ఊరు కాదు తమ్మీ ఇది, కార్లు చేసేటోళ్ల ఊరు, అందరికీ కార్లే" అన్నాడు. స్టేషన్ చుట్టుపక్కల చక్కర్లు కొడుతూ, బందరులో గుళ్లు చూపించినట్టు ఆఫీసులు చూపించాడు: ఇదిగో ఐసిన్ హెడ్డాఫీసు, అదిగో డెన్సో, టయోటా ఇండస్ట్రీస్, ఇంకా టయోటా బొషోకు. అన్నీ ప్రపంచమంతా వ్యాపారం చేసే కంపెనీలు, హెడ్డాఫీసులు మాత్రం ఈ చిన్న ఊళ్లో, ఒకదానికొకటి పిలిస్తే పలికేంత దూరంలో. ఐసిన్ వాళ్లు కుట్టుమిషన్లు, పరుపులు కూడా చేశారని అన్న చెబితే మొదట జోక్ అనుకున్నాను, నిజమే.

వదిన పచ్చిపులుసు, కోడికూర, జొన్నరొట్టె పెట్టింది. జొన్నపిండి ఎక్కణ్నుంచి తెప్పిస్తుందో చెప్పలేదు. తినేసి బయల్దేరాం.

వింగ్ అరీనా కరియా ఊరి మున్సిపాలిటీది, 2007లో తెరిచారు, పెద్ద క్రీడా ప్రాంగణంలో ఒక మూల. పక్కన ఫుట్‌బాల్ స్టేడియం ఉంది, అక్కడాడే ఎఫ్‌సీ కరియా ఒకప్పటి డెన్సో టీమ్. చుట్టూ పొలాలు, ఇళ్లు. బయట ఫుడ్ ట్రక్కులు, నీలం జెర్సీల్లో పిల్లలు, అమ్మమ్మలు, సీహార్సెస్ బొమ్మ తత్సువోతో ఫోటోకి క్యూ. జపాన్‌లో బాస్కెట్‌బాల్ అభిమానుల్ని బూస్టర్లు అంటారు. ఇక్కడ బూస్టర్లలో సగం మంది ఒకరినొకరు ఆఫీసులో కూడా చూసుకునేవాళ్లే అనుకుంటా, ఆ వంగి వంగి నమస్కారాలు ఎంతకీ ఆగవు.

లోపల హాలు చిన్నది. చిన్నదంటే నిజంగా చిన్నది, టోక్యో తర్వాత మరీ. కానీ కోర్టు మీద బూటు కీచుమన్న చప్పుడు పై వరసలో కూడా వినిపిస్తుంది, కోచ్ అరిస్తే ఆ మాటలు కూడా. గేటు దగ్గర మడతపెట్టిన అట్టలు ఇచ్చారు, వాటిని విసనకర్రలా పట్టుకుని అరచేతి మీద కొడితే ఫట్‌ఫట్ మంటాయి. అందరూ ఒక్క తాళంలో కొడుతుంటే చెక్కభజన గుర్తొచ్చింది. అవతలి జట్టు వాడు ఫ్రీత్రో వేసేటప్పుడు మాత్రం ఆ అట్టలు తాళం తప్పి ఎవరికిష్టమొచ్చినట్టు వాళ్లు కొడతారు, పక్కనే బుద్ధిగా కూర్చున్న పెద్దావిడ కూడా అప్పుడు మాత్రం రెచ్చిపోయింది.

మా పక్క సీట్లో అన్నకి తెలిసిన ఒక రిటైరైన పెద్దమనిషి. ఐసిన్‌లో పనిచేసినాయన, మ్యాచ్ మానడట. మా జపనీస్ వినే ఓపిక ఉన్న మనిషి. వాళ్ల రోజుల్లో జట్టు కుర్రాళ్లు పొద్దున ఆఫీసులో పని, మధ్యాహ్నం నుంచి ప్రాక్టీసు అని, వాళ్ల సెక్షన్‌లో సెంటర్ స్థానంలో ఆడే పొడుగాటి ఆటగాడు ఒకడుండేవాడు, మోకాళ్లు డెస్కు కింద పట్టక కుర్చీ పక్కకి తిప్పుకుని ఫైళ్లు రాసేవాడని చెప్పాడు. ఆట మానేశాక అదే సెక్షన్‌లో కొనసాగి మేనేజరయ్యాడట. మ్యాచ్ ఉంటే టికెట్లు సెక్షన్ల వారీగా పంచేవాళ్లు, చప్పట్లు కొట్టడం కూడా డ్యూటీలాంటిదే. "మరి ఇప్పుడు?" అన్నాను. "ఇప్పుడు నా డబ్బు పెట్టి కొంటున్నాను, అందుకే తిడుతున్నాను" అన్నాడాయన, నిజంగానే అప్పుడే మికావా వాళ్లు బంతి చేజార్చుకోవడం చూసి నోరారా తిట్టి.

ఇది మనకి కొత్తేం కాదు. మన దగ్గర రైల్వేస్, ఓఎన్‌జీసీ, పోలీసు, బ్యాంకు టీమ్‌లన్నీ ఇంతే కదా, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం, మోకాలు పోయినా జీతం ఆగదు. 1950లలో దేశాన్ని ఊపేసిన, కోచ్ రహీం గారి హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు కూడా ఇలాంటిదే. తేడా ఎక్కడంటే, మన కంపెనీ టీమ్‌ల మ్యాచ్‌కి టికెట్ కొని వెళ్లినవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు. ఉద్యోగం ఆటగాడికి భరోసా, నిజమే. చూసేవాడికి అందులో ఏ పాత్రా లేదు. జపాన్ వాళ్లు 2016లో మార్చింది అదీ. కంపెనీ డబ్బుని తరిమేయలేదు, దాన్ని స్పాన్సర్ కుర్చీలో కూర్చోబెట్టి, టీమ్‌ని ఊరికి అప్పజెప్పారు. మికావా అన్నది ఈ ప్రాంతానికి పాత రాజ్యం పేరు, ఒకప్పుడు జపాన్‌ని ఏలిన షోగన్ తొకుగావా ఇయెయాసు పుట్టిన గడ్డ. డెన్సోలో పనిచేసేవాడు ఐసిన్ టీమ్‌కి జై కొట్టాలంటే కాస్త ఇబ్బంది పడొచ్చు, మికావాకి జై కొట్టడానికి ఎవరికీ ఇబ్బంది లేదు.

ఈ టీమ్ చరిత్ర గురించి ఒక ముక్క చెప్పాలి. అమెరికాలో యూసీఎల్‌ఏ యూనివర్సిటీ తరఫున ఆడి, ఎన్‌బీఏలో కొద్దికాలం ఉండి 2001లో ఇక్కడికొచ్చిన జె.ఆర్. హెండర్సన్ అనే ఆయన 2007లో జపాన్ పౌరసత్వం తీసుకుని సకురాగి అని ఇంటిపేరు పెట్టుకుని 2020 దాకా ఇదే జట్టుకి ఆడాడు. అంత కాలం. కోచ్ సుజుకి కిమికజు అయితే 1995 నుంచి పాతికేళ్లకి పైగా ఒకే కుర్చీ. బయట వేరే ఏ ప్రొఫెషనల్ జట్టులోనైనా పది ఓటములకి కోచ్‌ని మార్చేస్తారు, ఇది కంపెనీ పద్ధతి, సీనియారిటీ, ఓపిక, అవసరమైతే మొండితనం. 2017-18లో లీగ్ ఎంవీపీ హియెజిమా మకోతో అప్పుడు ఈ జట్టువాడే, ఆ ఏడు రెగ్యులర్ సీజన్‌లో దుమ్ము దులిపి ప్లేఆఫ్ సెమీస్‌లో అల్వార్క్ చేతిలో ఓడిపోయారు. బి లీగ్ టైటిల్ మాత్రం ఇప్పటికీ అందలేదు. 2023 నుంచి కోచ్ రయాన్ రిచ్‌మన్, వాషింగ్టన్ విజార్డ్స్‌లో అసిస్టెంటుగా చేసినాయన. జనం జెర్సీల మీద ఎక్కువ కనిపించిన పేరు నిషిదా యుదయ్, తర్వాత గార్డ్‌నర్.

ఆ రోజు మ్యాచ్ చివరి నిమిషం దాకా నువ్వా నేనా అన్నట్టు సాగి మికావానే గెలిచింది. హాలు దద్దరిల్లింది. పెద్దమనిషి మాత్రం "రేపు ఓడిపోతారు, చూడండి" అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. బి లీగ్‌లో శని, ఆదివారాలు ఒకే జట్టుతో వరుసగా రెండు మ్యాచ్‌లు ఆడతారు, మొదటి రోజు ఓడినవాళ్లు రాత్రంతా వీడియోలు చూసి కసితో వస్తారు, అదీ ఆయన లెక్క.

ఆదివారం, మళ్లీ కరియా

పొద్దున కిజో పార్కు. పాత కోట ఉన్న చోటు, ఇప్పుడు కందకంలో బాతులు, గట్టు మీద చెర్రీ చెట్లు. ఇయెయాసు తల్లి ఒదాయ్ ఈ కోటని ఏలిన మిజునో వంశం ఆడపడుచు. ఆ తర్వాత పిల్లలు పట్టుబడితే కరియా హైవే ఓయాసిస్. హైవే పక్కన బండి ఆపుకునే చోటుకి జనం పనిగట్టుకుని పిక్నిక్ వెళ్లడం నేను ఇక్కడే చూశాను. జెయింట్ వీల్ ఉంది, కూరగాయల అంగడి ఉంది, సోఫాలు వేసిన ఆడవాళ్ల మరుగుదొడ్డి ఈ రాష్ట్రమంతా ఫేమస్ అని వదిన చెప్పింది, చూసొచ్చి అవునంది.

కారులో అన్నకీ నాకూ వాదన. అన్నేమంటాడంటే, పేరులోంచి కంపెనీని తీసేయడం వేషం, డబ్బిచ్చేవాడు ఒకడైనప్పుడు పేరుంటే తప్పేంటి, బేస్‌బాల్‌లో యొమియురి, హన్షిన్ కంపెనీల పేర్లు ఉన్నాయి కదా, ఇదే ఊళ్లో ఆడవాళ్ల టీమ్ డెన్సో ఐరిస్ పేరులో డెన్సో ఉంది కదా, 2023-24లో ఆడవాళ్ల లీగ్ ఫైనల్ ఫుజిత్సుకీ డెన్సోకీ జరిగితే జనం చూడలేదా అని. నేను మన డెక్కన్ చార్జర్స్‌ని గుర్తు చేశాను. పేపరు పేరు పెట్టుకున్న టీమ్, 2009లో ఐపీఎల్ కప్పు కూడా కొట్టింది, పేపరు కంపెనీ కుదేలైతే 2012లో టీమే లేకుండా పోయింది, హైదరాబాద్ అభిమాని ఆ జెర్సీ ఏం చేసుకోవాలి? తర్వాత వచ్చిన సన్‌రైజర్స్‌లో మళ్లీ సన్ ఉంది, అది వేరే సంగతి. అన్న కాసేపు ఆలోచించి, "అయినా ఐసిన్ మునగదు" అన్నాడు. తోషిబా గురించి కూడా అందరూ అలాగే అనుకున్నారు.

నాకు అసలు బెంగ వేరే. 2026 శరదృతువు నుంచి పై లీగ్ బి ప్రీమియర్ అని మారుతోంది. అందులో ఉండాలంటే గెలుపోటములు కాదు, ఏడాదికి 120 కోట్ల యెన్ల ఆదాయం, మ్యాచ్‌కి సగటున 4,000 మంది జనం, సూట్ గదులున్న అరీనా ఉండాలి. మికావాకి లైసెన్స్ వచ్చింది. కానీ ఈ హాలుతో నడవదు, అందుకే మికావా అంజో షింకాన్‌సెన్ స్టేషన్ దగ్గర కొత్త అరీనా కట్టే పథకం నడుస్తోంది. వ్యాపారం కోసం సరైనదే, ఆటగాళ్ల జీతాల కోసం సరైనదే. ఊరి టీమ్ కావాలని కంపెనీ పేరు తీసేసి, ఇప్పుడు ఆదాయం పేరుతో పక్క ఊరికి పంపడం ఏంటో నాకు మాత్రం మింగుడు పడలేదు. అన్నకి ఇందులో ఏ బాధా లేదు, అంజో వాళ్లింటికి ఇంకా దగ్గరట.

రెండో మ్యాచ్ మూడు దాటాక మొదలైంది. పెద్దమనిషి చెప్పినట్టే అవతలివాళ్లు మొదటి నిమిషం నుంచి మీద పడ్డారు, మికావా మూడో క్వార్టర్లో లేచి కాస్త ఆశ పెట్టి మళ్లీ చేతులెత్తేసింది. అయినా మ్యాచ్ అయ్యాక ఒక్కరూ లేవలేదు. ఆటగాళ్లు కోర్టు చుట్టూ తిరిగి నాలుగు వైపులా వంగి దండం పెట్టేదాకా అందరూ అట్టలు కొడుతూనే ఉన్నారు. పెద్దమనిషి నావైపు తిరిగి కళ్లెగరేశాడు, తనే గెలిచినంత సంబరం.

ఎవరైనా వెళ్లాలనుకుంటే: సీజన్ అక్టోబరు నుంచి మే దాకా. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, వారాంతపు మ్యాచ్‌లకి మంచి సీట్లు త్వరగా అయిపోతాయి. కరియాలో పై వరస సీటు చాలు, అక్కణ్నుంచి అన్నీ కనిపిస్తాయి, వినిపిస్తాయి కూడా. శనివారం ఒక్కటే చూసి వచ్చేయకండి, ఆదివారం మ్యాచ్‌లోనే అసలు కసి ఉంటుంది. నగోయాలో దిగితే మగ్గాల మ్యూజియానికి సగం రోజు కేటాయించండి, సోమవారం మాత్రం అది మూసి ఉంటుంది. అరీనాకి తెలిసినవాళ్ల కారుంటే మేలు. కొత్త అరీనా కట్టేలోపే వెళ్లండి.